ఎంతిస్తది?

మా పెదనాయిన దగ్గర ఒక డీజిల్ అంబాసిడర్ ఉంది. ఒకప్పుడు ఘట్‌కేసర్, ఉప్పల్ మధ్య టాక్సీగా తిరిగింది. ఇప్పుడు అన్నోజిగూడలో మా ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబడి ఉంటుంది. పదిహేనేళ్లు ఎప్పుడో దాటింది కనుక గ్రీన్ టాక్స్, ఫిట్‌నెస్ అంటూ ఏదో ఒక ఖర్చు. అమ్మేద్దామని ఇంట్లో అందరి మాట. "ఆ దున్నపోతు లీటరుకు ఎంతిస్తది?" అని మొదట అన్నది నేనే. అన్నాక లెక్క తీద్దామని కూర్చున్నాను. ఇంజనీరింగ్ చదివినందుకు ఇలాంటి వాటికైనా పనికిరావాలి కదా.

ఈ బండికి మూలం బ్రిటన్‌లో 1956లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ. సూయజ్ గొడవతో అక్కడ పెట్రోలుకు రేషన్ పెట్టింది కూడా ఆ ఏడాది చివర్లోనే. కోల్‌కతా పక్కన ఉత్తర్‌పారాలో అదే బండి అంబాసిడర్ అయింది. 1489 సీసీ ఇంజను, టన్నుకు పైగా బరువు. మనకది పెద్ద కారు. 1970లో కాడిలాక్ ఎల్డొరాడోకు పెట్టిన 8.2 లీటర్ల ఇంజను పక్కన చూస్తే బొమ్మ కారు.

1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు బిగించాయి. మూడు డాలర్లున్న బ్యారెల్ కొన్ని నెలల్లోనే పన్నెండుకు దగ్గరైంది. పెట్రోలు ధరకు నిరసనగా ఆ నవంబరులో వాజపేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకు వచ్చారు. అమెరికా 1975లో చట్టం చేసింది. దాని ప్రకారం 1985 నాటికి కంపెనీ అమ్మే కార్ల సగటు గ్యాలనుకు 27.5 మైళ్లు ఉండాలి, అంటే లీటరుకు పదకొండున్నర కిలోమీటర్ల పైమాట. అక్కడ కార్లే చిన్నవయ్యాయి. మన దగ్గర అంబాసిడర్ అంగుళం తగ్గలేదు. 1980 ప్రాంతంలో దానికి డీజిల్ ఇంజను పెట్టారు, అంతే.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. డీజిల్ ఇంజను సహజంగానే కాస్త ఎక్కువ ఇస్తుంది, నిజమే. కానీ లారీలు, బస్సులు, రైతుల కోసమని డీజిల్‌ను పెట్రోలు కన్నా బాగా చవగ్గా ఉంచింది ప్రభుత్వం. ఆ నీడలోనే టాక్సీలు బతికాయి. అంబాసిడర్ మైలేజీలో సగం ఇంజనుది, సగం ఢిల్లీది అంటాను నేను. పెట్రోలు ధర మీద అదుపు 2010 జూన్‌లో తీసేశారు, డీజిల్ మీద 2014 అక్టోబరులో. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో పని ఆగింది ఆ ఏడాది మే నెలలోనే. దానివల్లే ఇది ఆగిందని కాదు, కంపెనీకి అప్పటికే వేరే జబ్బులు చాలా ఉన్నాయి. అయినా ఆ రెండు తేదీలు పక్కపక్కన చూస్తే మనసు ఒక క్షణం ఆగుతుంది.

పెదనాయిన పాత నోటుబుక్కు తీసిచ్చాడు. ట్యాంకు నింపిన ప్రతిసారీ తేదీ, మీటరు రీడింగు. వరంగల్ రోడ్డు మీద సాఫీగా పోయిన రోజు లీటరుకు పద్నాలుగు. ఉప్పల్ దాటి సికింద్రాబాద్ పోయిన రోజు పదికి దిగింది. ఇందులో వింతేమీ లేదు. టన్ను బరువును కదిలించడానికి కాల్చిన డీజిలంతా, బ్రేకు తొక్కగానే వేడిగా మారి గాల్లో కలుస్తుంది. పది గజాలకోసారి ఆగే రోడ్డులో బరువైన బండి అడుగడుగునా జరిమానా కడుతుంది. నారపల్లి ఫ్లైఓవర్ స్తంభాల మధ్య ఏళ్ల తరబడి పాక్కుంటూ పోయినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇంజను ఆన్‌లో ఉండి బండి నిలబడితే మైలేజీ సున్నా, అది ఎంత కొత్త కారైనా సరే.

రీడింగు పక్కన ఇంకో గడి ఉంది. అందులో ఏడు, తొమ్మిది, ఎనిమిది అని అంకెలు.

"ఇవేంటివి పెదనాయినా?"

"మనుషులు. ముందు సీట్ల నల్గురు, ఎనక అయిదుగురు. మీటరు కన్న అదే ముఖ్యం."

లీటరుకు పదే అనుకున్నా తొమ్మిది మందికి తొంభై. నా చిన్న కారు పద్దెనిమిది ఇస్తుందని ఆఫీసులో గొప్పగా చెప్పుకుంటాను.

"మంచిదే. మరి అండ్ల ఎందరు పోతరు?" అన్నాడాయన, నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకుంటూ.