పొత్తిగుడ్డలును చాకిరేవును

మదనపల్లె చరిత్ర వ్రాయువారు 1919లో రవీంద్రనాథ ఠాగూరు అచ్చటి థియసాఫికల్ కళాశాలలో విడిసి జనగణమన గీతమును ఆంగ్లీకరించిన సంగతిని తప్పక స్మరింతురు. పుంగనూరు పేరు చెప్పగనే జమీనును పొట్టి ఆవులును, కుప్పమన్నంతనే మూడు రాష్ట్రముల పొలిమేరయు స్ఫురించును. కాని బాహుదా నది యిసుకలో చెలమ త్రవ్వి, పురిటింటి గుడ్డల నుదికి ఆరవేసిన చాకలి స్త్రీకి ఆ చరిత్రలలో ఒక్క వాక్యమైనను లభించుట అరుదు. ఈ లోపము చిన్నది కాదని నా దృఢమైన అభిప్రాయము.

పసికందుకు తొలినాళ్లలో కొత్తబట్ట చుట్టు వాడుక ఈ సీమలో లేకుండెను. తాతయో అవ్వయో కట్టి కట్టి మెత్తబడిన పంచెను, నూలుచీరను చించి పొత్తిగుడ్డలుగా వాడెడివారు. దీర్ఘాయుష్మంతుల బట్ట సోకినచో బిడ్డకును ఆయువు కలుగునని నమ్మిక. ఆ నమ్మికలో వివేకము లేకపోలేదు. ఏండ్ల తరబడి ఉతుకులు తినిన నూలు గంజి వీడి, తడిని చక్కగా పీల్చును, లేతచర్మము నొరయదు.

నీటికి కరవైన ఈ మిట్టసీమలో ఆ గుడ్డలను శుద్ధిచేయుట యొక విద్య. వేసవిలో చౌడునేలలపై తెల్లగా పొక్కు మట్టిలో సోడాక్షార ముండును. దానిని నీట కలిపి, ఆ నీట గుడ్డలను తడిపి, బానమీద చుట్టలుగా పేర్చి, క్రింద మంటపెట్టి ఆవిరి పట్టించుటయే ఉబ్బవేయుట. క్షారము జిడ్డును సబ్బుగా మార్చును. ఆవిరి నూలుపోగుల లోనికంటఁ జొచ్చి మలినమును వదలించును. సూక్ష్మక్రిముల మాట యెరుగకయే ఆ క్రిములను చంపు మార్గమును వీరు చేపట్టి, తల్లినుండి కూతునకు, అత్తనుండి కోడలికి అందించిరి. క్షారము మిగిలినచో బిడ్డ తొడలు ఒరసి కందునని యెరిగి, చెలమలో నీరూరుదాక వేచియుండి, పలుమారులు జాడించెడివారు. పెద్దల బట్టలకు గంజియు నీలిమందును పెట్టు చేతులే బిడ్డగుడ్డల కవి సోకనిచ్చెడివి కావు. ఎండలో కరకరలాడ నారిన గుడ్డలను, పక్షిదోషము తగులునని, ప్రొద్దు క్రుంకకమునుపే లోపలికిఁ దెచ్చి, సాంబ్రాణిపొగ పట్టించుట యింటి పెద్దముత్తైదువ పని. దోషము మాట యెట్లున్నను, మంచుపడి చెమ్మగిల్లిన గుడ్డ బిడ్డకు మంచిది కాదుగదా!

ఇంతటి సేవకు ప్రతిఫలము కళ్లములో కొలిచిన మేర, వాకిట పెట్టిన కూడు. పన్నిద్దరు ఆయగాండ్రలో చాకలి యొకడు. అయినను పురిటిమైలను పోగొట్టిన వారినే మైలవారని యెడముగా నిలిపిన అన్యాయమును కప్పిపుచ్చరాదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు జంగముల వస్త్రముల నుదికిన మడివాలు మాచయ్యను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున భక్తాగ్రేసరునిగా నిలిపెను; ఊరివాకిట నున్న మాచయ్య కులమువారికి మాత్రము ఆ గౌరవము దక్కలేదు. కుప్పము ప్రాంతమున తెలుగు చాకలియు తమిళ వణ్ణానును ఈ బరువునే మోసిరి. 1970 నాటి వెనుకబడిన తరగతుల జాబితాలో ప్రభుత్వము వీరిని ‘ఎ’ వర్గమునఁ జేర్చెను.

రేవు విద్యను అంగడి సరకు వెనుకకు నెట్టిన తక్కిన కథ త్వరగా నడచినది. 1864లో కుప్పము మీదుగా బెంగళూరు రైలుదారి వెలసెను. 1910ల దశకమున మైసూరు ప్రభుత్వము బెంగళూరున సబ్బుల కర్మాగారమును నెలకొల్పెను. 1969లో అహమ్మదాబాదున పుట్టిన నిర్మా పొడి పల్లెపల్లెకును ప్రాకెను. నేడు పారవేయు ప్లాస్టిక్ డైపర్లు చెరువుగట్టుల వెంట నేండ్లకొలది మ్రగ్గక పడియున్నవి. పాతచీర పీలిక యట్లు కాదు. చిరిగినపిదప దీపపువత్తియో మసిగుడ్డయో యయ్యెడిది.

పాఠకులారా, మీ యూర ఉబ్బవేసిన చేతులు గల వృద్ధురాలెవరైన జీవించియున్నచో, ఏ రేవున నుదికినదో, ఏ మట్టి తెచ్చినదో, ఎన్ని నీళ్లు మార్చినదో అడిగి, ఆమె మాటలలోనే వ్రాసియుంచుడు. ఆమె పేరును అందు చేర్చుట మరువకుడు.