కొలిమి రహస్యము ఎవరి సొత్తు?

విజయనగరము నుంచి రాయపూరు పోయే లైనులో మా తెరుబలి ఒక చిన్న స్టేషను. 1961లో స్థాపితమైన ఇండియన్ మెటల్స్ అండ్ ఫెర్రో అల్లాయిస్ వారు ఇక్కడ ఫర్నేసులు నెలకొల్పిన తరువాత ఈ ఊరికి ఒక పేరు వచ్చినది. శ్రీకాకుళము, పార్వతీపురము వైపుల నుంచి మనవారు పొట్ట చేతపట్టుకొని వచ్చి స్థిరపడినారు. మేము రైల్వే గుమాస్తాలము; ఫర్నేసు పని మాకు తెలియదు. ఐనను నిరుడు వర్షాకాలములో మా వీధి ఇంటికి వచ్చిన ఒక కాగితము మమ్ములను ఈ విషయములోనికి దింపినది.

ఆ ఇంటి కుర్రవాడు వేరే రాష్ట్రములో ఒక ఫర్నేసులో నాలుగేండ్లు పనిచేసి, జీతము చాలక మరొక కంపెనీలో చేరినాడు. పాత కంపెనీవారు వకీలు చేత నోటీసు పంపించినారు. మా రహస్యములు పట్టుకొని పోయినావు, కొత్త ఉద్యోగము వెంటనే మానుము, నష్టపరిహారము చెల్లించుము అని దాని సారాంశము. మాకు ఇంగ్లీషు వచ్చునని అతని తల్లి ఆ కాగితము తీసికొని మా గుమ్మమెక్కినది. “తమ్ముడూ, మావాడు దొంగతనం చేసినాడా?” అని అడిగినది. మెట్రిక్కు చదివిన మా బుర్రకు వెంటనే జవాబు తోచలేదు. తెలిసిన ప్లీడరు గారి వద్ద కూర్చుండి, తీర్పులు చెప్పించుకొని, మేము గ్రహించినది ఈ ఉగాది సంచికలో మనవారి ముందు పెట్టుచున్నాము.

లోహపు పనిలో రహస్యము మన తెలుగువారికి కొత్త కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రములో మన కమ్మరులు మట్టి మూసలలో ఇనుమును మూసి కాచి ఉక్కు ముద్దలు తీసేవారు. వాటిని కొనుటకు పారశీక వర్తకులు అంత దూరము నుంచి వచ్చేవారు. 1820 ప్రాంతములలో వాయిసీ అను ఇంగ్లీషు వైద్యుడు ఆ పనిని కండ్లార చూచి వ్రాసినది 1832లో అచ్చయినది. లండనులో మైకేల్ ఫారడే (ఆయనయు కమ్మరి కొడుకే!) స్టోడార్టు అను కత్తుల పనివానితో కూడి ఈ ఉక్కు మర్మము తెలిసికొనుటకు 1819 మొదలు కొన్ని యేండ్లు పరిశోధనలు చేసినాడు. కోనసముద్రములో బాండు కాగితములు లేవు. తండ్రి పక్కన కూర్చుండి కొడుకు నేర్చుకొనేవాడు. కొలిమి ఇంటిది, చేయి ఇంటిది. రహస్యము ఎవరిదను ప్రశ్న పుట్టుటకే చోటు లేదు.

కొలిమి ఒకరిది, చేయి మరొకరిది అయినప్పుడే తగవు వచ్చినది. మన దేశములో దీనికి మూలము 1872 నాటి కాంట్రాక్టు చట్టములోని 27వ సెక్షను. న్యాయమైన వృత్తిని గాని వ్యాపారమును గాని చేసికొనకుండ ఒకనిని అడ్డగించు ఒప్పందము ఆ మేరకు చెల్లదని అది చెప్పుచున్నది. రెండేండ్లకే, 1874లో, కలకత్తా హైకోర్టుకు ఇద్దరు కంచరి వ్యాపారుల తగవు వచ్చినది. ఈ పేటలో నీ దుకాణము మూసివేయుము, నీవు పనివారికి ఇచ్చిన అడ్వాన్సు 900 రూపాయలు నేను ఇచ్చెదనని ఒకరు రెండవవారికి మాట ఇచ్చినారు. దుకాణము మూతపడినది, డబ్బు రాలేదు. కోర్టుకు పోగా ఒప్పందమే చెల్లదన్నారు. పాపము, మూసినవారికి రెండూ పోయినవి.

ఐతే ఉద్యోగి మాట వేరు. అది తేల్చినది గోలికరి కేసు. కల్యాణ్‌లోని సెంచురీ కంపెనీవారు మోటారు టైరులలో వేయు నూలు తయారుచేయుటకు 1961లో హాలెండు, పశ్చిమ జర్మనీ కంపెనీలతో ఒప్పందము చేసికొని, ఆ విద్యకు 1,40,000 జర్మను మార్కులు ఇచ్చుటకు ఒప్పుకొన్నారు. విద్య బయటికి పొక్కరాదని విదేశీయుల షరతు. కనుక పనివారి చేత కూడ కాగితము వ్రాయించుకొనవలసి వచ్చినది. నిరంజన్ శంకర్ గోలికరి 1963 మార్చిలో షిఫ్టు సూపర్‌వైజరుగా చేరి, అయిదేండ్ల బాండు మీద సంతకము చేసినారు. మధ్యలో మానినచో మిగిలిన కాలములో అటువంటి పని మరొకచోట చేయరాదు, రహస్యము చెప్పరాదు, ఆరు నెలల జీతము కట్టవలెను అని అందులో ఉన్నది. ఆ యేడే కొన్ని నెలలు కంపెనీవారు శిక్షణ ఇచ్చినారు. 1964 చివర ఆయన మాని, అదే నూలు చేయు కోటాలోని రాజస్థాన్ రేయాన్‌లో నెలకు 560 రూపాయలకు చేరినారు. పాత కంపెనీ అడిగిన నష్టము 2,410 రూపాయలు. గుమాస్తా బుద్ధి చొప్పున మేము భాగించి చూచినాము: నెలకు నాలుగు వందల చిల్లర. నూటయాభై పైచిలుకు పెరుగుదల కొరకు ఆ కాలములో ఎవరు కదలరు?

ఆయన వాదము ఇది: నేను సంపాదించినది నా అనుభవము, దానిని ఎట్లు విడిచి పోగలను? సుప్రీంకోర్టులో 1967 జనవరిలో జస్టిస్ షెలాట్ తీర్పు చెప్పినారు. ఉద్యోగ కాలపు గడువు ముగియక ముందు ఆ షరతు వ్యాపారమునకు అడ్డు కాదు. నిషేధము మిగిలిన కాలమునకే, ఆ రకపు పనికే. మరొక పని చేసికొని బ్రతుకుటకు ఆయనకు అభ్యంతరము లేదు అని కంపెనీ పక్షమున నిలిచినారు. తీర్పు న్యాయమైనదే. కాని టైరు నూలు నేర్చినవానికి మరొక పని చేసికొమ్మనుట తేలిక మాట కాదని మాకు తోచుచున్నది.

గడువు తీరిన తరువాత ఏమి? 1980లో సూపరింటెండెన్సు కంపెనీకి, దాని వద్ద పనిచేసిన కృష్ణ మూర్గాయీకి నడిచిన కేసు ఉన్నది. ఉద్యోగము విడిచిన రెండేండ్ల వరకు పోటీ పని చేయరాదని షరతు. ఆయనను కంపెనీయే తీసివేసినది. ‘విడిచిపోవుట’ అనగా తనంతట తాను పోవుట, తీసివేయుట కాదని సుప్రీంకోర్టు కంపెనీ కోరిక త్రోసివేసినది. జస్టిస్ ఎ.పి. సేన్ ఇంకొక అడుగు వేసి, ఉద్యోగము ముగిసిన తరువాతి అటువంటి కట్టడి 27వ సెక్షను క్రింద చెల్లదన్నారు. అట్లని కాగితములు మూటగట్టుకొని పోవచ్చునని కాదు. 1995లో ఢిల్లీ హైకోర్టు, కంపెనీ కూర్చిన ఖాతాదారుల చిరునామాల పట్టీని పాత ఉద్యోగి వాడరాదని ఆపివేసినది. వ్యాపార రహస్యములకు ప్రత్యేక చట్టము కావలెనని లా కమిషను 2024 మార్చిలో తన 289వ నివేదికలో సిఫారసు చేసి, బిల్లు నమూనా కూడ జతపరచినది.

ఇదంతయు విని వచ్చిన తరువాత కుర్రవానిని పిలిచి రెండు సంగతులు అడిగినాము. బాండు గడువు ఎప్పటికి? ముగిసి మూడు నెలలైన తరువాతనే మానినాడట. అక్కడి నుంచి ఏమైనా తెచ్చినావా? కొంతసేపు మాట లేదు. తరువాత ఇంటికి పోయి నూనె మరకల నోటుబుక్కు ఒకటి తెచ్చినాడు. ఏ షిఫ్టులో ఎంత ముడిరాయి, ఎంత కోకు, కరెంటు ఎంత లాగినది, లోహము ఎట్లు దిగినది, నాలుగేండ్ల లెక్క అందులో ఉన్నది. ఫోనులో కంట్రోలు రూము బోర్డు ఫొటోలు కూడ ఉన్నవి.

“నా చేత్తో నేనే రాసుకున్నాను గదా బాబాయ్,” అన్నాడు.

“రాసింది నువ్వే. లెక్క వాళ్లది నాయనా,” అన్నాము.

మ్రోత విని ఫర్నేసు ఎట్లున్నదో చెప్పగల చెవి, లోహము రంగు చూచి ట్యాపింగు వేళ గుర్తించగల కన్ను, ఇవి నీవి, వీటిని ఏ కోర్టు అడుగదని నచ్చజెప్పినాము. ముఖము ముడుచుకొన్నాడు. వాళ్లమ్మ మాత్రము ఆ పుస్తకము ఇంట ఉంచుటకు ఒక్క రాత్రి ఒప్పుకొనలేదు. ప్లీడరు గారు వ్రాసిన జవాబుతో కలిపి, మరునాడే రిజిస్టరు పోస్టులో పంపినాము. ఫోటోలు ఆయన ఎదుటనే తుడిపించినాము. అందినట్లు రసీదు మా బీరువాలో ఉన్నది. మరల నోటీసు రాలేదు.

మొన్న సంక్రాంతికి కుర్రవాడు వచ్చి కనబడినాడు. కొత్త చోటనే ఉన్నాడు. పుస్తకము లేక మొదటి పది దినములు చాల తడబడినానని, ఇప్పుడు అక్కడి ముడిరాయి గుణమే వేరు గనుక ఆ పాత లెక్కలు ఎటూ పనికివచ్చి ఉండేవి కావని నవ్వుతూ చెప్పినాడు.