రివర్స్ గేర్ చరిత్ర: మేడ్చల్ రోడ్డు మీద లారీ ఎక్కడ ఆగాలి?

ఇవాళ రాజుల గురించి కాదు, కోటల గురించి కాదు, రివర్స్ గేర్ గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి, ఇది కూడా చరిత్రే.

మీలో చాలామంది సుచిత్ర, కొంపల్లి దాటి మేడ్చల్ వైపు బైక్ మీద వెళ్ళే ఉంటారు. లేదంటే అల్వాల్, హకీంపేట మీదుగా శామీర్‌పేట చెరువు దాకా. రాత్రిపూట వెళ్తే రోడ్డు పక్కన, సర్వీస్ రోడ్ల మీద, ఔటర్ రింగ్ రోడ్డు దిగే చోట వరసగా ఆగి ఉన్న లారీలు కనబడతాయి. కొన్నిటికి వెనక లైటు వెలగదు. మనం తిట్టుకుంటూ పక్కనుంచి పోతాం. అసలు ఆ లారీ అక్కడే ఎందుకు ఆగింది? దీనికి జవాబు కావాలంటే మూడున్నర వందల ఏళ్ళు వెనక్కి పోవాలి. మనం కూడా రివర్స్‌లోనే పోదాం.

17వ శతాబ్దంలో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి గోల్కొండకు వచ్చాడు. అప్పట్లో సరుకు రవాణా అంటే బంజారాలు, వాళ్ళ ఎద్దులు. ఒక్కో బిడారులో పది పన్నెండు వేల ఎద్దులు నడిచేవని ఆయన రాశాడు. ఇరుకు దారిలో అవి ఎదురైతే, అన్నీ దాటేదాకా బండి మీద వెళ్ళేవాళ్ళు రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. రెండు మూడు రోజుల ట్రాఫిక్ జామ్! కొంపల్లిలో అరగంట ఆగితేనే మనం స్టేటస్ పెట్టేస్తాం.

కానీ ఆ కాలంలో ఒక ఏర్పాటు ఉండేది. సరాయిలు. ఊరి అంచున పెద్ద ఆవరణ, చుట్టూ గదులు, నీళ్ళు, పశువులకు చోటు. హైదరాబాద్ తూర్పున ఉన్న హయత్‌నగర్ కుతుబ్‌షాహీల హయాత్ బక్షీ బేగం పేరు మీద వచ్చిందే. అక్కడ మసీదు చుట్టూ వందకు పైగా గదుల సరాయి ఉంది. పాతబస్తీ పక్కన కార్వాన్ పేరుకు అర్థమే బిడారు. దారి వేసినవాడు ఆగే చోటు కూడా కట్టాలి అన్న లెక్క అప్పుడు ఉండేది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇక మేడ్చల్ సంగతి. 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఏర్పడింది. అక్కణ్ణుంచి ఉత్తరానికి, నాగపూర్ వైపు పోయే దారి మీద మేడ్చల్ ఉంటుంది. తర్వాత మన్మాడ్ రైలు లైన్ వచ్చింది, మేడ్చల్‌కు స్టేషన్ వచ్చింది. 1932లో నిజాం స్టేట్ రైల్వే వాళ్ళే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. ఇప్పటి ఆర్టీసీకి మూలం అదే. స్వాతంత్ర్యం వచ్చాక నాగపూర్ దారి 7వ నంబర్ జాతీయ రహదారి అయింది. 2010లో నంబర్లు మార్చి దీన్ని శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44లో కలిపారు. పాత డ్రైవర్లు ఇప్పటికీ ఎన్‌హెచ్ సెవెన్ అనే అంటారు. శామీర్‌పేట దారి వేరు. అది కరీంనగర్, రామగుండం వైపు పోయే రాజీవ్ రహదారి. ఇసుక, బొగ్గు, గ్రానైట్ నగరం వైపు వచ్చేది ఆ దారిలోనే.

లారీల విషయానికొస్తే, 1954లో టాటా కంపెనీ జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు తయారు చేయడం మొదలుపెట్టింది. ఆ తరం లారీల్లో పవర్ స్టీరింగ్ లేదు. ఆగిన లారీ స్టీరింగ్ తిప్పాలంటే ఒళ్ళంతా బలం పెట్టాలి. అద్దాలు చిన్నవి. వెనక ఏముందో డ్రైవర్‌కు కనబడేది కాదు. మరి రివర్స్ ఎట్లా తీసేవాళ్ళు?

క్లీనర్‌తో. చాలామంది క్లీనర్ అంటే బండి తుడిచేవాడు అనుకుంటారు. కాదు, వాడు లారీకి వెనక కళ్ళు. దిగి వెనక్కి పోయి, డ్రైవర్ అద్దంలో కనబడేట్టు నిలబడి, బాడీ మీద చేత్తో కొడుతూ అరుస్తాడు. "రానీ ఉస్తాద్... రానీ, రానీ... జర రైట్‌కు కొట్టు... బస్, బస్!" ఇంజిన్ మోతలో మాట వినబడకపోయినా చెక్క బాడీ మీద దెబ్బ వినబడుతుంది. రాత్రి లారీ ఆపాక చక్రాల కింద రాయి పెట్టేది, తెల్లారి తీసేది కూడా వాడే. వాడు క్లీనర్‌గా చేరి, కొన్నేళ్ళకు స్టీరింగ్ పట్టి, డ్రైవర్ అవుతాడు. అంటే రివర్స్ నేర్పే బడి కూడా అదే. ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు, తిట్లు మాత్రం బోలెడు.

ఇప్పుడు గత పదిహేనేళ్ళు చూద్దాం. అడ్లూర్ ఎల్లారెడ్డి నుంచి గుండ్లపోచంపల్లి దాకా 103 కిలోమీటర్ల నాలుగు లైన్ల రోడ్డు 2009లో పూర్తయింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ముక్కలు ముక్కలుగా వస్తూ, చివరి ముక్క మన కండ్లకోయ దగ్గరే 2018లో తెరుచుకుంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది, వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. లారీలు గంటలకొద్దీ ఆగే బాధ తగ్గింది. మంచిదే. 2018లో ఇంకో రెండు మార్పులు వచ్చాయి. లారీలు మోసే బరువు పెంచారు. పెద్ద ట్రైలర్‌కు 49 టన్నుల నుంచి 55 టన్నులకు అనుమతి ఇచ్చారు. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న పాత నిబంధన తీసేశారు. అప్పటికే ఖర్చు తగ్గించుకోవడానికి చాలామంది ఓనర్లు క్లీనర్‌ను మానేశారు.

బండి పెరిగింది, మనుషులు తగ్గారు. నా లెక్కలో ఈ రోడ్డు చరిత్రలో అసలు మలుపు ఇదే. ఔటర్ రింగ్ రోడ్డు కంటే కూడా.

దీనికి తోడు నగరం లోపలికి పగటిపూట భారీ వాహనాలకు ఆంక్షలు. అవి ఉండాల్సిందే, నేను కాదనను. కానీ నాగపూర్ నుంచి పొద్దున మేడ్చల్ చేరిన డ్రైవర్ రాత్రి దాకా ఎక్కడ ఉండాలి? నగరానికి దక్షిణాన మంగళ్‌పల్లిలో, తూర్పున బాటసింగారంలో హెచ్‌ఎండీఏ ఆధ్వర్యంలో లాజిస్టిక్స్ పార్కులు వచ్చాయి. ఉత్తరాన వచ్చినవాడు వాటికోసం ఔటర్ మీద సగం చుట్టు తిరిగి పోలేడు కదా. అందుకే ధాబా ముందో, గోదాం గేటు పక్కనో ఆపుతాడు. చట్టం ఏమో స్పష్టంగానే ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ప్రకారం ఇతరులకు ప్రమాదం, అడ్డంకి కలిగేలా బండి నిలపకూడదు. 127 ప్రకారం నిషేధం ఉన్న చోట ఆపితే పోలీసులు లాక్కుపోవచ్చు. ఎక్కడ ఆపకూడదో చట్టం చెప్పింది, ఎక్కడ ఆపాలో చెప్పే బోర్డే తక్కువ. సరాయి మాట గుర్తుందా?

ఇది మన ఒక్కరి సమస్య కూడా కాదు. అమెరికాలో 2009 మార్చిలో జేసన్ రివెన్‌బర్గ్ అనే డ్రైవర్ పాల లోడుతో సౌత్ కరోలినా చేరాడు. దించే టైమ్ ఇంకా కాలేదు, దగ్గర్లో పార్కింగ్ లేదు. మూతబడ్డ పెట్రోల్ బంకులో ఆపి పడుకున్నాడు. దొంగ కాల్చి చంపాడు. జేబులో దొరికింది ఏడు డాలర్లు. ఆయన భార్య ఊరుకోలేదు, పోరాడింది. 2012లో లారీల పార్కింగ్ కోసం చట్టంలో ఏర్పాటు చేశారు, దాన్ని జేసన్స్ లా అంటారు.

సరే, ఒంటరి డ్రైవర్ ఇప్పుడు రివర్స్ ఎట్లా తీయాలి? ఇది తెలిస్తే బైక్ మీద ఉన్న మీకూ ఉపయోగం. మన దేశంలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు. కిటికీలోంచి తల బయటపెడితే కుడివైపు వెనక కనబడుతుంది. ఎడమవైపు అద్దంలో కనబడిందే, మిగతాదంతా చీకటి. అందుకే తెలిసిన డ్రైవర్ ధాబా ఆవరణలోకి వచ్చాక ఒక చుట్టు తిరిగైనా సరే, ఖాళీ తనకు కుడివైపు వచ్చేట్టు బండి పెట్టుకుంటాడు. ట్రైలర్ అయితే ఇంకో చిక్కు. స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రైలర్ తోక ఎడమకు పోతుంది. ట్రాక్టర్ రివర్స్ పోటీల వీడియోలు చూసినవాళ్ళకు ఇది తెలుసు. కొంచెం ఎక్కువ తిప్పితే ముందు భాగం, వెనక భాగం జేబుకత్తిలా మడుచుకుపోతాయి. అప్పుడు మొండిగా వెనక్కి నెట్టకుండా ముందుకు పోయి, నిటారు చేసి, మళ్ళీ మొదలుపెట్టాలి. పైగా మొదలుపెట్టే ముందు ఒకసారి, అనుమానం వచ్చిన ప్రతిసారీ దిగి చూడాలి. హజార్డ్ లైట్లు, హారన్, నడక వేగం. ఆగాక హ్యాండ్ బ్రేక్, చక్రాల కింద చెక్క దిమ్మ. వీలుంటే ముక్కు బయటికి ఉండేట్టు పార్క్ చేస్తారు. తెల్లవారుజామున చీకట్లో, నిద్రమత్తులో రోడ్డు మీదికి రివర్స్‌లో రావడం కంటే ముందుకు రావడం నయం కాబట్టి.

కొత్త కార్లకు 2019 జూలై నుంచి వెనక సెన్సర్లు తప్పనిసరి. కొన్ని లారీలకు కూడా కెమెరాలు వస్తున్నాయి. కానీ మేడ్చల్ దుమ్ములో, వానలో ఆ కెమెరా ఎన్ని రోజులు చూస్తుంది? రోజూ తుడవాలి. తుడిచే క్లీనర్ ఏడీ?

కాబట్టి మేడ్చల్‌లో, శామీర్‌పేటలో లారీ వెనక తెల్ల లైటు వెలిగి, బీప్ బీప్ వినబడితే బైక్ ఆపేయండి. రెండు బండ్ల మధ్య సందులోంచి దూరొద్దు. మీకు లారీ అద్దం కనబడట్లేదంటే ఆ డ్రైవర్‌కు మీరూ కనబడట్లేదు. వీలైతే దిగి, ఆయన అద్దంలో కనబడేంత పక్కకు నిలబడి చెయ్యి ఊపండి. "రానీ ఉస్తాద్, రానీ" అనండి. ఆ పిలుపు విని ఆయనకు చాలా రోజులై ఉంటుంది.