అండమాన్ వెళితే సముద్రిక చూడండి, గవ్వలు మాత్రం తేవొద్దు

పిల్లలూ, తల్లిదండ్రులారా,

సెలవుల్లో అండమాన్ వెళ్లే ఆలోచన ఉన్నవారి కోసం ఈ నాలుగు మాటలు. చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతాల నుంచి అక్కడికి ఓడలున్నాయి. ప్రయాణం సుమారు మూడు రోజులు. ముఖ్యపట్టణం పోర్ట్ బ్లెయిర్; 2024లో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. దారి తెలుగులోనే అడగొచ్చు!

ఆ ఊళ్లో తప్పక చూడాల్సింది 'సముద్రిక'. మన నౌకాదళం నడిపే సముద్ర ప్రదర్శనశాల ఇది. సోమవారం సెలవు. ముందుగా ఆవరణలో ఉన్న నీలి తిమింగలం అస్థిపంజరం దగ్గర ఆగండి. నికోబార్ దీవుల ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలం అది. లోపల దీవుల చరిత్ర, అక్కడి ఆదివాసుల జీవనం, శంఖాలు, గవ్వలు, పగడాలు, చేపలు చూడొచ్చు.

పగడాల దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడండి. చాలామంది పగడాన్ని రాయి అనుకుంటారు. కాదు, అది వేలాది చిన్న జీవులు కట్టుకున్న ఇల్లు. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మమైన శైవలాలే వాటికి ఆహారం, రంగు ఇస్తాయి. నీరు మరీ వేడెక్కితే ఆ శైవలాలు వెళ్లిపోతాయి, పగడం తెల్లబడుతుంది. 2010 వేసవిలో అండమాన్ సముద్రంలో ఇలాగే జరిగింది. చాలాకాలం అలాగే ఉంటే పగడం చచ్చిపోతుంది.

పగడపు దిబ్బలు చేపపిల్లలకు నీడ, అలల దెబ్బకు ఒడ్డుకు అడ్డుగోడ. అందుకే పగడాలకు, రాక్షస ఆల్చిప్పలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించింది. ఒడ్డున దొరికిన చచ్చిన పగడపు ముక్కైనా సరే, ఇంటికి తేవడం నేరమే. తిరుగు ప్రయాణంలో సామాన్లు తనిఖీ చేస్తారు.

"ఖాళీ గవ్వే కదా సార్" అంటారు పిల్లలు. సన్యాసి పీతకు సొంత గుల్ల ఉండదు. ఖాళీ గుల్లలోనే దూరి బతుకుతుంది. మీరు జేబులో వేసుకునేది దాని రేపటి ఇల్లు.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి: పిల్లల చేతికి సంచీ కాదు, నోటుపుస్తకం ఇవ్వండి. పిల్లలూ, మీకు నచ్చిన ఒక్క జీవి బొమ్మ గీసి, దాని గురించి పది వాక్యాలు తెలుగులో రాసి తీసుకురండి. బడి గోడపత్రికలో పెడదాం.

- ప్రధానోపాధ్యాయుడు