పచ్చబొట్టు, వేలిముద్ర

మా ఎరుకల ఆడవాళ్ల గురించి రాసేవారు సోదిని, బుట్టల అల్లికను తప్పక చెబుతారు. పచ్చబొట్టును మాత్రం ఒక్క వాక్యంలో దాటేస్తారు. తెనాలి, రేపల్లె, బాపట్ల పల్లెల్లో ముసలమ్మల ముంజేతుల మీద కనిపించే చుక్కలు, ముగ్గులు, తేళ్లు, పేర్లు చాలావరకు మా నానమ్మలు, అమ్మమ్మల చేతిపనే.

దీపపు మసిని ఆకుపసరులో కలిపి, కట్టగా చుట్టిన సూదులతో గుచ్చి, పైన పసుపు అద్దేవారు. మసి నల్లనిదే అయినా చర్మం కింద నీలిపచ్చగా కనిపిస్తుంది. కూలి కాసిని బియ్యమో, పాత చీరో. నొప్పి మరిపించడానికి గుచ్చుతున్నంతసేపూ కబుర్లో, పాటో సాగేవి.

అంత నొప్పిని కోరి ఎందుకు పడ్డారు? చచ్చిపోతే ఒంటిమీది బంగారం ఒలిచేస్తారు, పచ్చబొట్టును ఎవరూ ఒలవలేరు అనేవారు పెద్దవాళ్లు. ఆ మాటలో పరలోకం కన్నా ఈ లోకమే ఎక్కువ ఉందని మాకనిపిస్తుంది. పొలం మొగుడి పేర, ఇల్లు మామ పేర ఉన్న రోజుల్లో ఆడమనిషికి తనదంటూ మిగిలింది తన ఒళ్లే. మొగుడి పేరు నోట పలకకూడదన్న ఇల్లాలు ఆ పేరునే చేతిమీద పొడిపించుకుంది. కొందరు కీళ్లనొప్పులు పోతాయని పొడిపించుకున్నారు.

ఇదే కాలంలో మా వాళ్లమీద మరో గుర్తు పడింది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలవారిలో ఎందరినో పుట్టుకతోనే నేరస్థులని పట్టీకెక్కించి వేలిముద్రలు తీసుకున్నారు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం సెటిల్‌మెంటులో హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. ఊరూరా తిరిగితేనే బతికే సోదికీ, పచ్చబొట్టుకీ ఆ చీటీయే ఉరి అయింది. పచ్చబొట్టును మనిషి పిలిచి, కూలి ఇచ్చి వేయించుకుంటుంది. వేలిముద్రకు మాత్రం మా వాళ్లను ఎవరూ అడగలేదు.

చట్టం మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. మచ్చ మిగిలింది. 1991లోనూ, 2023లోనూ సినిమాలు స్టువర్టుపురం పేరును దొంగతనంతోనే ముడిపెట్టాయి. ఆ ఊరి ఆడవాళ్ల సూదిపని గురించి సినిమా తీసినవారు మాకు కనబడలేదు!

ఇప్పుడు మా హాస్టల్ పిల్లలకు మిషన్ టాటూ మీద మోజు. పద్దెనిమిది నిండనివ్వండి, అప్పుడైనా కొత్త సూదే వాడించండి, ఒకరికి వాడిన సూదితో హెపటైటిస్-బి వస్తుంది అని చెబుతాం. సైన్యంలోకి తీసుకోరేమో అని వాళ్ల భయం. గిరిజన ఆచారంగా ఉన్న పచ్చబొట్లకు సైన్యం నియమాల్లో మినహాయింపు ఉంది. కాని మన ఆచారంలో ఏ గుర్తులున్నాయో మనమే ఎక్కడా రాసి పెట్టుకోలేదు.

అందుకే సెలవులకు వెళ్లే పిల్లలకు ఒక పని అప్పగించాం. నానమ్మ ముంజేతి బొమ్మల్ని నోటుపుస్తకంలో గీసి, ఒక్కొక్కటీ ఎందుకు పొడిపించుకుందో అడిగి రాయాలి. ఇప్పటివరకు వచ్చిన జవాబుల్లో ఎక్కువసార్లు కనిపించింది ఇది: "మా అక్క పొడిపించుకుంది, నేనూ ఏడ్చి పొడిపించుకున్నా."