కొత్త గేమ్ కన్సోల్, కొత్త టీవీ: మార్చవలసిన వేళ ఏది?

హౌరా స్టేషన్ నుంచి బర్ధమాన్ వైపు సాగే ప్రధాన రైలు మార్గంలో మొట్టమొదటి స్టేషను లిలువా. ఈస్ట్ ఇండియన్ రైల్వే నెలకొల్పిన క్యారేజీ, వ్యాగన్ వర్క్‌షాపు చుట్టూ పెరిగిన శ్రామిక పట్టణమిది. హుగ్లీ తీరపు జనపనార మిల్లులకూ, ఖరగ్‌పూర్ రైల్వే కర్మాగారానికీ ఉపాధి కోసం తరలివెళ్లిన తెలుగు కుటుంబాల వారసులు నేటికీ బెంగాల్‌లో స్థిరపడి ఉన్నారు. ఇటువంటి పట్టణాల్లో ఇంటికి ఒకే ముందు గది, ఆ గదిలో ఒకే టీవీ ఉండటం పరిపాటి. పెద్దలకు వార్తలు, ఇల్లాలికి ధారావాహికలు, అందరికీ క్రికెట్, పిల్లలకు వీడియో గేములు, అన్నిటికీ ఆ తెరే ఆధారం.

అలాంటి ఇంట్లో పిల్లలు కొత్త కన్సోల్ కావాలని అడిగినప్పుడు, దానికి తగిన కొత్త టీవీ ప్రస్తావన కూడా వెంటనే వస్తుంది. రెండూ కలిపితే వ్యయం లక్ష రూపాయలకు చేరుతుంది. లిలువాలోనైనా, విశాఖలోనైనా, వరంగల్‌లోనైనా మధ్యతరగతి కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. రెండింటినీ ఒకేసారి కొనవలసిన అగత్యం సాధారణంగా ఉండదు. ఏది ఎప్పుడు మార్చాలో తేల్చుకునేందుకు ఉపకరించే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

తప్పనిసరి మార్పు, ఐచ్ఛికమైన మార్పు

టీవీ మార్పిడిలో ముందుగా గుర్తించవలసిన భేదం ఇది. కోల్‌కతా దూరదర్శన్ కేంద్రం 1975 ఆగస్టు 9న ప్రారంభమైంది. అదే నెలలో మొదలైన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం, సైట్, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీని తొలిసారి పరిచయం చేసింది. 1982లో ఆసియా క్రీడల సంవత్సరాన రంగుల ప్రసారాలు వచ్చాయి. అయితే నలుపు తెలుపు టీవీలు ఆనాడు మూలపడలేదు. రంగుల ప్రసారాన్ని అవి నలుపు తెలుపుల్లోనే చూపుతూ మరెన్నో ఏళ్లు పనిచేశాయి.

కేబుల్ ప్రసారాల డిజిటలీకరణ రెండో దశకు 2013 మార్చి 31ని గడువుగా నిర్ణయించారు. ఆ దశకు ఎంపికైన 38 నగరాల్లో హౌరా, హైదరాబాద్, విశాఖపట్నం మూడూ ఉన్నాయి. అప్పుడు కూడా అవసరమైనది సెట్‌టాప్ బాక్సే తప్ప కొత్త టీవీ కాదు. అంటే, ప్రసార సాంకేతికత మారిన ప్రతిసారీ పాత పరికరానికి ఏదో ఒక దారి మిగిలే ఉంది. నేటి 4కె టీవీ, కొత్త తరం కన్సోల్ కూడా ఐచ్ఛికమైన మార్పులే. తొందర పెట్టేది విపణి మాత్రమే.

కన్సోల్ తరాల లెక్క

గేమ్ కన్సోళ్లు తరాలుగా వస్తాయి. సోనీ సంస్థ ప్లేస్టేషన్ 2ను 2000లో, మూడోదానిని 2006లో, నాలుగోదానిని 2013లో, ఐదోదానిని 2020లో విడుదల చేసింది. తరానికీ తరానికీ మధ్య ఆరేడేళ్ల అంతరం కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ కూడా 2020 నవంబరులోనే వచ్చాయి. ప్లేస్టేషన్ 5 భారత్‌కు చేరింది మాత్రం 2021 ఫిబ్రవరి 2న.

కొంతకాలం ఆగితే ధర తగ్గుతుందన్నది పాత అనుభవం. ఈ తరంలో అది తలకిందులైంది. భారత్‌లో 49,990 రూపాయలకు విడుదలైన ప్లేస్టేషన్ 5 డిస్క్ నమూనా ధర 2022 నవంబరులో 54,990కి పెరిగింది. డిజిటల్ నమూనా 39,990 నుంచి 44,990కి చేరింది. 2025లో అమెరికాలో సోనీ, మైక్రోసాఫ్ట్ రెండూ కన్సోళ్ల ధరలు పెంచాయి. కాబట్టి కేవలం ధర తగ్గుతుందన్న ఆశతో ఏళ్ల తరబడి ఎదురుచూడటం లాభదాయకం కాకపోవచ్చు. పండుగ రోజుల తాత్కాలిక రాయితీలు ఇందుకు మినహాయింపు. బెంగాల్‌లో దుర్గాపూజ, తెలుగు నాట దసరా, దీపావళి ఆ అదను.

మరోవైపు, తరం చివరి దశలో కొనడంలోని నష్టాన్నీ తూచుకోవాలి. ఏఎండీ సంస్థతో కలిసి తదుపరి తరం పరికరాలకు చిప్‌లు రూపొందిస్తున్నట్లు మైక్రోసాఫ్ట్ 2025 జూన్‌లో ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరులో సోనీ కన్సోళ్ల రూపశిల్పి మార్క్ సెర్నీ కూడా, మరికొన్నేళ్లలో రానున్న కన్సోల్ గురించి సూచనప్రాయంగా మాట్లాడారు. అయితే కొత్త తరం వచ్చిన మరునాడే పాతది నిరుపయోగం కాదు. 2020 తర్వాత కూడా అనేక గేములు ప్లేస్టేషన్ 4కు విడుదలయ్యాయి.

కన్సోల్ మార్చేందుకు సహేతుకమైన కారణాలు మూడు. ఆడదలచిన గేము పాత కన్సోల్‌కు విడుదల కాకపోవడం మొదటిది. మరమ్మతు వ్యయం కొత్తదాని ధరలో మూడో వంతు దాటడం రెండోది. స్నేహితులంతా కొత్త తరానికి మారడం వల్ల కలిసి ఆడే వీలు లేకపోవడం మూడోది. కేవలం నెమ్మదించడమే సమస్య అయితే, లోపలి ఫ్యాను దుమ్ము శుభ్రం చేయించడం, ప్లేస్టేషన్ 4లోని హార్డ్ డిస్కుకు బదులు ఎస్‌ఎస్‌డీ వేయించడం చాలావరకు ఉపశమనమిస్తాయి.

పాత గేముల సంగతీ చూసుకోవాలి. ప్లేస్టేషన్ 5 దాదాపు అన్ని ప్లేస్టేషన్ 4 గేములనూ ఆడిస్తుంది గాని, ప్లేస్టేషన్ 2, 3 డిస్కులను స్వీకరించదు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ గత తరాల డిస్కుల్లో అనేకం నడుపుతుంది. సిరీస్ ఎస్‌లో డిస్కు పెట్టే అరే లేదు. డిస్కు అయితే ఆడిన తర్వాత అమ్ముకోవచ్చు, అరువు ఇచ్చిపుచ్చుకోవచ్చు. డిజిటల్ ప్రతికి ఆ వెసులుబాటు లేదు. కొత్తగా వచ్చే పెద్ద గేము ఒక్కొక్కటి సుమారు ఐదు వేల రూపాయలు పలుకుతున్నందున, పది గేములు కొంటే మరో కన్సోల్ కొన్నంత ఖర్చవుతుంది.

టీవీ, కన్సోల్: పొందిక ఎంత అవసరం?

కొత్త కన్సోల్‌కు కొత్త టీవీ తప్పనిసరి అన్నది అపోహ. హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్న ఏ టీవీకైనా ప్లేస్టేషన్ 5ను కలపవచ్చు. ఫుల్ హెచ్‌డీ తెరపై చిత్రం ఆ తెర స్థాయిలో కనిపిస్తుంది. గేము త్వరగా తెరుచుకోవడం వంటి ప్రయోజనాలు మాత్రం పాత టీవీపైన కూడా యథాతథంగా అందుతాయి.

4కె తెరలో 3840 నిలువు వరుసలు, 2160 అడ్డు వరుసల బిందువులుంటాయి. ఫుల్ హెచ్‌డీ కన్నా ఇవి నాలుగు రెట్లు. సెకనుకు 60 ఫ్రేములతో 4కె చిత్రం చూపేందుకు హెచ్‌డీఎంఐ 2.0 సరిపోతుంది. పూర్తి నాణ్యతతో 120 ఫ్రేములు కావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు, 120 హెర్ట్జ్ తెర రెండూ ఉండాలి. పెట్టెపై 2.1 అని ముద్రించినంత మాత్రాన ఈ సదుపాయాలన్నీ ఉన్నట్లు భావించరాదు. 4కెలో 120 హెర్ట్జ్ ఉందా, ఏ పోర్టులో ఉందో విడిగా అడగాలి.

బటన్ నొక్కిన క్షణానికీ తెరపై కదలికకూ మధ్య జాప్యం విసుగు కలిగిస్తుంటే, కొత్త టీవీకి ముందు పాత టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్‌ను ఎంచుకుని చూడాలి. ఖర్చు లేని ఈ మార్పు చాలా ఇళ్లలో ఎవరూ ప్రయత్నించనిది.

గది కొలతే గీటురాయి

తెర పరిమాణాన్ని గది నిర్ణయించాలి. సాధారణ దృష్టి గల వ్యక్తి ఫుల్ హెచ్‌డీకీ 4కెకూ తేడాను స్పష్టంగా గుర్తించాలంటే 43 అంగుళాల తెరకు ఐదున్నర అడుగులు, 55 అంగుళాల తెరకు ఏడు అడుగులు, 65 అంగుళాల తెరకు ఎనిమిదిన్నర అడుగుల లోపు కూర్చోవాలి. అంతకన్నా దూరం నుంచి చూసేవారికి 4కె ఇచ్చే అదనపు వివరం క్రమంగా కనుమరుగవుతుంది. పదడుగుల దూరంలో కూర్చుని 43 అంగుళాల 4కె టీవీ చూసే కుటుంబం, ఆ అదనపు బిందువులకు చెల్లించిన సొమ్ములో అధిక భాగాన్ని వృథా చేసుకున్నట్లే.

వాడుక తీరు మరో అంశం. వార్తా ఛానల్ రోజంతా నడిచే ఇంట్లో, తెర అడుగున పరుగెత్తే స్క్రోలింగ్ పట్టీ, మూలన కదలని లోగో ఓఎల్‌ఈడీ తెరపై కాలక్రమేణా చెరగని మచ్చలా మిగిలే ప్రమాదముంది. గేముల్లోని స్థిరమైన స్కోరు పట్టికల వల్లా ఇదే ముప్పు. అందరూ పంచుకునే ఉమ్మడి టీవీకి ఎల్‌ఈడీ రకం నిశ్చింతగా ఉంటుంది.

లెక్కలోకి రావలసిన ఖర్చులు

టీవీల విషయంలో ఆగినవారికి మేలు జరిగింది. 32 అంగుళాలకు మించిన టీవీలపై జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు 40 వేల రూపాయల ధర గల టీవీ, పన్నుతో కలిపి 51,200కు బదులు 47,200కు లభిస్తుంది.

వడ్డీ లేని వాయిదాల ప్రకటనలను జాగ్రత్తగా పరిశీలించాలి. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. వదులుకున్న నగదు రాయితీ, ప్రాసెసింగ్ రుసుము కలిపితే అసలు ధర తెలుస్తుంది. మొత్తం ఎంత చెల్లిస్తున్నామో రెండు పద్ధతుల్లోనూ కాగితంపై రాసి పోల్చడం మేలు.

విద్యుత్ వ్యయం భయపడినంత ఉండదు. పెద్ద గేము ఆడేటప్పుడు ప్లేస్టేషన్ 5 సుమారు 200 వాట్లు, మధ్యస్థాయి టీవీ సుమారు 100 వాట్లు వాడుకుంటాయి. రోజుకు రెండు గంటల చొప్పున నెలకు 18 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే 144 రూపాయలు. అసలు ప్రమాదం పిడుగులది. బెంగాల్‌లో మార్చి నుంచి మే వరకు వచ్చే కాల్‌బైశాఖి గాలివానల వేళ, తెలుగు నాట వేసవి జల్లుల వేళ కరెంటు ప్లగ్గుతోపాటు కేబుల్, ఇంటర్నెట్ తీగలను కూడా ఊడదీయాలి. ఇంటికి సరైన ఎర్తింగ్ లేకపోతే ముందు దానిని సరిచేయించుకోవాలి.

కొనేటప్పుడు, వదిలించుకునేటప్పుడు

32 అంగుళాలు, ఆపై టీవీలకూ, వీడియో గేములకూ భారతీయ ప్రమాణాల బ్యూరో నమోదు తప్పనిసరి. కోల్‌కతా చాందనీ మార్కెట్‌లో గాని, మరెక్కడైనా గాని బిల్లు లేకుండా తక్కువ ధరకు అమ్మే దిగుమతి సరుకుకు కంపెనీ వారంటీ వర్తించకపోవచ్చు. ప్లేస్టేషన్ 5 ప్రో 2024 నవంబరులో ఇతర దేశాల్లో విడుదలైనా భారత్‌కు రాలేదు. అది వాడే 6 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ తరంగాలకు ఇక్కడ అప్పటికి అనుమతి లేకపోవడమే కారణం. విదేశాల నుంచి బంధువులు తెచ్చే పరికరాల విషయంలో ఇటువంటి అంశాలు కనుక్కోవాలి. కొనుగోలులో అన్యాయం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

పాత కన్సోల్‌ను అమ్మే ముందు గేముల ప్రగతిని భద్రపరచుకుని, ఖాతా నుంచి బయటకు వచ్చి, సమాచారం పూర్తిగా తుడిచివేయాలి. చెల్లింపు కార్డు వివరాలు అందులో మిగిలి ఉండవచ్చు. పనిచేయని వాటిని పాత సామాన్ల బండికి వేయడం తగదు. 2023 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాటి పునర్వినియోగ ప్రక్రియ బాధ్యత ఉత్పత్తిదారులపై ఉంది.

ఏది ముందు?

ఇంట్లోని టీవీ ఫుల్ హెచ్‌డీ అయి, చక్కగా పనిచేస్తూ, గేములే ప్రధాన ఆకాంక్ష అయితే ముందు కన్సోల్ కొనాలి. టీవీని మరో పండుగకు వాయిదా వేయవచ్చు. టీవీ తెరపై గీతలు పడుతుంటే, లేదా కుటుంబమంతా గేముల కన్నా ప్రసారాలే ఎక్కువగా చూస్తుంటే టీవీకే ప్రాధాన్యం. అది ఇంటిల్లిపాదికీ ఉపయోగం. రెండూ సవ్యంగా ఉండి, ఆడవలసిన గేములు ఇంకా మిగిలి ఉంటే ఏదీ కొనకుండా ఉండటమే విజ్ఞత. నెలకు కొంత సొమ్ము విడిగా దాచి, పూర్తి మొత్తం చేతికొచ్చాక నిర్ణయం తీసుకున్న కుటుంబానికి దుకాణదారుతో బేరమాడే బలమూ ఉంటుంది, వాయిదాల భారమూ ఉండదు.