వర్తకుని ప్రశ్న, ఆచార్యుని పాఠము

1906వ సంవత్సరమున ముప్పది యేండ్ల ఉద్యోగి యొకడు డబ్లిన్ నగరమున తన పని విడిచి, మరల విద్యార్థియై లండన్ చేరెను. అతని పేరు విలియం సీలీ గాసెట్. ఆక్సుఫర్డులో రసాయనశాస్త్రము చదివి, 1899లో గిన్నెస్ వారి బీరు కర్మాగారమున చేరినవాడు. ఏడేండ్లు ఉద్యోగము చేసిన పిదప పలకా బలపము పట్టుట మనలో చాలమందికి నేటికిని నామోషీగా తోచును. గాసెట్‌ను పంపినది ఆ సంస్థయే. అతడు నేర్వబోయినది బీరు కాచు విద్య కాదు, సాంఖ్యక శాస్త్రము. వ్యాపార నిర్ణయముల కొరకై ఒక పట్టభద్రుడు ఈ శాస్త్రమును నేర్వబూనిన తొలి ఉదంతములలో ఇది యొకటి.

బీరునకు గణితముతో పని యేమని శ్రోతలు అడుగవచ్చును. బీరునకు మూలము బార్లీ. దానిని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టినచో మాల్టు అగును. ఒక చేని గింజ వలె మరియొక చేని గింజ యుండదు. నిరుటి పంట వలె ఈ యేటి పంట యుండదు. అనుభవజ్ఞులు గింజ నలిపి, వాసన చూచి మంచి చెడ్డలు నిర్ణయించు పద్ధతి వ్యాపారము పెరిగిన కొలది చాలదయ్యెను. శాస్త్రము చదివిన యువకులను ఆ సంస్థ నియమించెను. వారు రెండు రకముల బార్లీని ప్రక్కప్రక్కన వేసి చూచిరి. ఒకదాని దిగుబడి హెచ్చుగా వచ్చెను. ఆ హెచ్చు విత్తనము గొప్పయా, లేక నేల చలువయా? ఇదియే చిక్కు.

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు మన ఇల్లాలు ఒక్క మెతుకు పట్టి చూచును. కుండలోని మెతుకులన్నియు ఒకే నీట ఉడికినవి గనుక ఆమెకు అది చాలును. చేలకు ఆ సౌకర్యము లేదు. పైగా పంట ఏటికొకసారి వచ్చును. వంద ప్రయోగములు చేసి చూతమన్న నూరేండ్లు పట్టును.

గాసెట్ 1904లో తన సంస్థకు ఒక నివేదిక వ్రాసెను. అందులోని ఒక లెక్క చూడుడు. మాల్టు నుండి దిగు తీపిసారమును కొలువవలెను. కొలత నిజమునకు అర డిగ్రీ లోపల ఉండవలెను. రెండుసార్లు కొలిచి సగటు తీసినచో, ఫలితము ఆ హద్దులో నున్నదని ఒకటికి నాలుగు వంతున పందెము కాయవచ్చును. మూడుసార్లు కొలిచినచో ఒకటికి ఏడు. నాలుగుసార్లు కొలిచినచో ఒకటికి పండ్రెండు. వ్యాపారమునకు ఒకటికి పది యున్న చాలును. కాబట్టి నాలుగు కొలతలు చాలును. ఐదవ కొలతతో నమ్మకము ఇంకను పెరుగును గాని, దానికైన శ్రమయు వ్యయమును ఎవరు భరింతురు?

మరుసటి యేట జూలైలో అతడు తన ప్రశ్నలు కాగితముపై వ్రాసికొని, సైకిలు మీద పోయి లండన్ యూనివర్సిటీ కాలేజీ ఆచార్యుడు కార్ల్ పియర్సన్‌ను కలిసికొనెను. అతని ప్రశ్నలలో ముఖ్యమైనది, ఎంత నిశ్చయమున్న చాలునన్నది. గాసెట్ దృష్టిలో దానికి ఒకే అంకె లేదు. ఫలితమును నమ్మి నడచిన వచ్చు లాభమెంత, క్రొత్త పద్ధతికి అయ్యెడి ఖర్చెంత, ఒక్కొక్క ప్రయోగమునకు పట్టు వ్యయమెంత? వీనిని బట్టియే అది తేలవలెను. ఇది వర్తకుని ప్రశ్న. ఆచార్యులు సామాన్యముగా అడుగు ప్రశ్న కాదు.

పియర్సన్ ప్రయోగశాలలో అతడు చాల నేర్చెను. కాని ఆ గురువుగారి సూత్రములు వందలకొలది కొలతలున్న చోట పనిచేయునవి. గాసెట్ చేతనున్నవి నాలుగో, ఐదో. అందుచేత అతడు మూడు వేలమంది ఖైదీల ఎత్తులను, వారి ఎడమచేతి నడిమివ్రేలి పొడవులను అట్టముక్కలపై వ్రాసి, పేకముక్కల వలె బాగుగా కలిపి, నాలుగేసి చొప్పున 750 కట్టలు చేసెను. తాను గణితముచే ఊహించిన వంపు ఆ కట్టలలో కనబడునా యని చూచెను. కనబడెను. ఆ వ్యాసము 1908లో 'బయోమెట్రికా' పత్రికయందు వెలువడెను. ఉద్యోగులు సొంత పేర్లతో ప్రకటించుట సంస్థకు సమ్మతము కాదు గనుక, అతడు 'స్టూడెంట్' అనగా విద్యార్థి యను పేరు పెట్టుకొనెను. లోకమునకు నేటికిని ఆ పరీక్ష విద్యార్థి పేరనే తెలియును. గాసెట్ మాత్రము 1937లో మరణించు వరకు గిన్నెస్ ఉద్యోగియే.

అతని ఊహకు కచ్చితమైన ఉపపత్తిని 1912లో రోనాల్డ్ ఫిషర్ అను యువకుడు ఉత్తరములో వ్రాసి పంపెను. 1925లో ఫిషర్ ప్రకటించిన గ్రంథము వలన ఈ పద్ధతి దేశదేశములకు ప్రాకెను. ఇరువదింట ఒక పాలు అను గీటు అందులో సౌకర్యమునకై చెప్పబడినది. పాఠశాలలు దానిని శాసనముగా గైకొనెను. నేను చదువుకొన్న నాడు మేమును పట్టిక చూచి 'అంగీకరింపవచ్చును' అని వ్రాసి మార్కులు తెచ్చుకొంటిమి. బస్తా బార్లీ వెల యెంత యని మమ్ము అడిగినవారు లేరు. గాసెట్ ప్రశ్నలో సగము తరగతి గది గుమ్మము బయటనే నిలిచిపోయినది.

ఆ రెండవ సగమును మరువనివాడు కలకత్తాలో నుండెను. ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రము బోధించుచు 1931లో భారత సాంఖ్యక సంస్థను స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్, 1937 మొదలు వంగదేశపు జనుప పంటను మచ్చుచేల ద్వారా అంచనా కట్ట నారంభించెను. ఎన్ని మచ్చుచేలు చూడవలెను, ఒక్కొక్కటి ఎంత పెద్దది కావలెను? హెచ్చుగా చూచినచో తప్పు తగ్గును, మనుష్యుల జీతము, ప్రయాణము పెరుగును. ఈ రెంటిని ఒకే త్రాసులో తూచు విధమును ఆయన 1944 నాటి వ్యాసమున వివరించెను. రేడియో కేంద్రములు కొలదిమందిని విచారించి శ్రోతల అభిరుచిని అంచనా వేయునపుడును ఈ త్రాసే పనికివచ్చును.

ఆ సంస్థకే, 1941 జనవరి మొదటి తేదీన, తెలుగు యువకుడు కల్యంపూడి రాధాకృష్ణారావు చేరెను. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున ఎం.ఏ. ముగించి, సైన్యమున ఉద్యోగమునకై కలకత్తా వెళ్లినవాడు. ఆ ఉద్యోగము రాలేదు. సాంఖ్యక శాస్త్రము నేర్చిన నాలుగు రాళ్లు దొరకునని విని ఆ గడప తొక్కెను. ఆ యేడే కలకత్తా విశ్వవిద్యాలయమున ఈ శాస్త్రమునకు ఎం.ఏ. తరగతి మొదలయ్యెను, 1943లో ఉత్తీర్ణులైన మొదటి జట్టులో ఆయన యొకరు. 1946లో కేంబ్రిడ్జి వెళ్లి పరిశోధన చేసెను. అచ్చట ఆయనకు దొరకిన గురువు, గాసెట్‌కు ఆ ఉత్తరము వ్రాసిన ఫిషరే.